అభ్యంతరాల విచారణ తంతుగా మారితే

సంపాదకులకు,

భూమి పోయాక కోర్టుకెళితే న్యాయం దొరక్కపోదన్న నమ్మకం యజమానుల్లో బలంగా ఉంది. అది పూర్తిగా తప్పు కాదు కానీ, కోర్టు మెట్లెక్కేసరికే చాలామంది కేసు సగం చేజారి ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ఇచ్చిన 60 రోజుల గడువు వారికి తెలియకుండానే దాటిపోవడం ఇందుకు ముఖ్య కారణం.

ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా ఆ భూమి అవసరమా, అనువైనదేనా, చెబుతున్న ప్రజాప్రయోజనం నిజమేనా అని కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ వాదన వినిపించవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండూ చేసుకున్న సవరణల వల్ల కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ఏర్పడింది కనుక, ఈ దశ విలువ మరింత పెరిగింది. ఆ నోటిఫికేషన్ దినపత్రికల్లోనూ వస్తుంది, అయితే లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన, చీమల బారులాంటి సర్వే నంబర్ల వరుసలుగా. పాసుపుస్తకం ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే, అది తన పొలమేనని కొడుకు గుర్తుపట్టేదెలా?

పశ్చిమ బెంగాల్‌లో టాటా కార్ల కర్మాగారం కోసం జరిగిన భూసేకరణపై వచ్చిన సింగూరు తీర్పును చాలామంది పరిశ్రమపై రైతుల గెలుపుగానే గుర్తుంచుకున్నారు. 2016లో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులకు ప్రజాప్రయోజనం ఉందా లేదా అన్న విషయంలో అభిప్రాయం కుదరలేదు. రైతుల అభ్యంతరాలను సరిగా విచారించలేదన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవించారు, భూమిని 12 వారాల్లో తిరిగి ఇమ్మన్నారు. 2006లో సేకరించిన భూమి పదేళ్ల తర్వాత వెనక్కి వచ్చిందంటే, అధికారులు ఉత్తుత్తి తంతుగా భావించిన ఆ విచారణే అందుకు ఆధారమైంది.

ఆలస్యంగా మేల్కొన్నవారికి ఇంత అవకాశం లేదు. 1894 నాటి పాత చట్టం కింద మొదలైన సేకరణలు కొత్త చట్టంలోని 24(2) సెక్షన్ వల్ల రద్దవుతాయన్న ఆశను పుణె నగరపాలక సంస్థ కేసులో 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు పెంచగా, 2020లో ఇండోర్ అభివృద్ధి సంస్థ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని బాగా కుదించింది. స్వాధీనం, పరిహారం రెండూ జరగనప్పుడే సేకరణ రద్దవుతుందని, సొమ్మును ఖజానాలో జమచేసినా సరిపోతుందని తేల్చింది.

పరిహారం తక్కువని పోరాడేవారు మరొకటి గమనించాలి. చెక్కు తీసుకునేటప్పుడు రసీదుపై 'అభ్యంతరంతో స్వీకరించాను' అని రాయకపోతే 77వ సెక్షన్ ప్రకారం ఎక్కువ పరిహారం కోరే దారి మూసుకుపోతుంది. ఆ ఒక్క మాట చెప్పేవారు లేక సంతకం పెట్టి వచ్చేసేవారే ఎక్కువ.

నోటీసు, వాదన వినిపించే అవకాశం, కారణాలతో కూడిన నిర్ణయం ఆస్తి హక్కుకు సంబంధించిన రాజ్యాంగ 300ఎ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో స్పష్టం చేసింది. కనుక అభ్యంతరాన్ని తోసిపుచ్చినప్పుడు కారణాలు తెలుగులో రాసి, ప్రతిని యజమానికి ఇవ్వాలని కలెక్టర్లను కోరుతున్నాను. పత్రికలకూ ఒక విన్నపం: రుసుము తీసుకుని అచ్చువేసే ఆ నోటిఫికేషన్ పైన, అభ్యంతరాల గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఒక్క వరుసలో పెద్ద అక్షరాలతో వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు