డాక్యుమెంటేషన్ దిద్దడానికీ ఓ పద్ధతుంది

సంపాదకులకు,

ఓపెన్ సోర్స్‌లోకి (ఎవరైనా చూసి, మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్‌లోకి) రావాలంటే డాక్యుమెంటేషన్‌లో (వాడకం వివరించే పేజీల్లో) చిన్న చిన్న తప్పులు దిద్దడంతో మొదలుపెట్టండని విద్యా పేజీల్లో ఇంజినీరింగ్ విద్యార్థులకు తరచూ సలహా ఇస్తుంటారు. సలహా మంచిదే. ఎలా దిద్దాలో చెప్పకుండా వదిలేయడంతోనే చిక్కు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఆన్‌లైన్ కార్యక్రమం ఇచ్చే టీషర్టు కోసం రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయపు) ఫైళ్లలో ఒకటి రెండు మాటలు చేర్చి పంపిన పుల్ రిక్వెస్టులు (మా మార్పు కలుపుకోండన్న అభ్యర్థనలు) వెల్లువెత్తాయి. పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేస్తూ నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషనే తీసుకోండి. దాని డాక్యుమెంటేషన్ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే మార్కప్‌లో (మామూలు పాఠంలోనే గుర్తులతో రూపం చెప్పే పద్ధతిలో) ఉంటుంది, స్ఫింక్స్ అనే సాధనం దాన్ని వెబ్ పేజీలుగా మారుస్తుంది. మార్క్‌డౌన్ అనే ఇంకో మార్కప్ అలవాటున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. అక్కడ కోడ్ మాటకు అటూ ఇటూ ఒక్కో బ్యాక్‌టిక్ (`) చాలు, ఇక్కడ రెండేసి కావాలి. రెండేసి పెట్టినా, ముగింపు బ్యాక్‌టిక్‌లను ఆనుకుని బహువచనపు ‘ఎస్’ తగిలిస్తే మార్కప్ అక్కడ ముగిసినట్టు లెక్కకు రాదు. మధ్యలో ఒక బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ ఉండాలి.

అన్నిట్లోకీ దొంగ తప్పు కోలన్‌ది. గమనిక పెట్టాలంటే రెండు చుక్కలు, ఖాళీ, ‘నోట్’ అన్న మాట, వెంటనే రెండు కోలన్లు రాయాలి. ఒక కోలన్ తగ్గితే ఆ గమనిక మొత్తం కామెంటు కింద జమ అవుతుంది. స్ఫింక్స్ ఏమీ అనదు, పేజీలో గమనిక కనపడదు. అక్కడ ఏదో ఉండాలన్న సంగతి చదివేవాళ్లకు తెలిసే దారే లేదు. కమాండ్ ఆప్షన్ల ముందుండే రెండు హైఫన్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి. కోడ్‌గా గుర్తించకుండా మామూలు వాక్యంలో వదిలేస్తే స్ఫింక్స్ ఆ రెంటినీ కలిపి ఒక్క డ్యాష్ చేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే మాత్రం ఎర్రర్ వస్తుంది.

తప్పు కంటపడగానే దిద్దబోకండి. ముందు అదే పేజీని ‘డెవ్’ (ఇంకా తయారీలో ఉన్న) వెర్షన్‌లో తెరవండి, అక్కడ ఎవరో ఈపాటికే సరిచేసి ఉండొచ్చు. లేకుంటే ‘షో సోర్స్’ లింకు పట్టుకుని కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో అసలు ఫైలుకు వెళ్లండి. మార్పు మెయిన్ బ్రాంచ్ (కొత్త మార్పులు చేరే ప్రధాన శాఖ) మీదే చేయాలి. పాత వెర్షన్లకు పంపాలా వద్దా అన్నది కోర్ డెవలపర్లు లేబుల్ పెట్టి తేలుస్తారు. డైరెక్టివ్ (పైన చెప్పిన ‘నోట్’ లాంటి ఆదేశం) కింది వరసలను 3 ఖాళీలు లోపలికి జరపడం అక్కడి ఆనవాయితీ. మీ కంప్యూటర్లో రిపాజిటరీలోని (ప్రాజెక్టు ఫైళ్ల ప్రతిలోని) ‘డాక్’ ఫోల్డర్‌కు వెళ్లి ‘మేక్ చెక్’ కొడితే స్ఫింక్స్ లింట్ అనే తప్పులు పట్టే సాధనం ఒంటరి బ్యాక్‌టిక్‌లనూ, పైన చెప్పిన కోలన్ లోపాన్నీ వరస నంబరుతో చూపిస్తుంది. తర్వాత ‘మేక్ హెచ్‌టీఎంఎల్’ కొట్టి, తయారైన పేజీని కళ్లారా చూసుకోండి. ఈ ఒక్కటీ చాలామంది చేయరు.

అక్షరదోషం స్థాయి మార్పుకు విడిగా ఇష్యూ (సమస్య నమోదు) తెరవక్కర్లేదు, న్యూస్ ఎంట్రీ (మార్పుల చిట్టాలో ఒక వాక్యం) కూడా అక్కర్లేదు. కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం మాత్రం తప్పదు. రివ్యూ మొదలయ్యాక ఫోర్స్ పుష్ చేస్తే (ముందు పంపినదాన్ని చెరిపి కొత్తది పెడితే) అంతవరకూ చూసినవాళ్లు మళ్లీ మొదటినుంచి చూడాలి. ఒక రిక్వెస్టులో ఒక రకం తప్పే దిద్దండి.

తప్పు కానిదాన్ని అందం కోసం ముట్టుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ అనువాదాలు మూలంలోని పేరాలను మార్కప్‌తో సహా పోల్చుకుంటాయి. ఇంగ్లిష్‌లో ఒక బ్యాక్‌టిక్ మారినా ఆ పేరా అనువాదం ‘ఫజీ’ (మళ్లీ సరిచూడాల్సింది) అయిపోయి, అనువాదకులు మళ్లీ చూసేదాకా ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది. కనపడకుండా పోయిన గమనిక కోసమైతే ఆ శ్రమ పెట్టొచ్చు. ‘ఇలా అయితే ఇంకా బాగుంటుంది’ అన్నదానికి పెట్టించడం అన్యాయం.

ఓపెన్ సోర్స్ పనికి కళాశాలలు మార్కులు వేయదలచుకుంటే, పంపిన రిక్వెస్టులను లెక్కపెట్టడం మాని, విలీనమైన ఒక్క మార్పును తెరిచి, అది ఎందుకు అవసరమైందో విద్యార్థి చేతనే చెప్పించాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ