తమ్ముడి కామెర్ల గురించి శీనూకి

ఒరేయ్ శీనూ,

చిన్నోడి రిపోర్టు చూశాను. కామెర్ల మోతాదు చెప్పే బిలిరుబిన్ కంటే ముందు, కాలేయాన్ని వాచేలా చేసే వైరస్ జబ్బుల్లో అది ‘హెపటైటిస్-ఏ’నా, ‘హెపటైటిస్-ఈ’నా అని చూశాను, ఎందుకంటే ఇంట్లో వదిన కడుపుతో ఉంది. ‘హెపటైటిస్-ఈ’ కూడా ‘ఏ’ లాగే కలుషితమైన నీళ్ల ద్వారానే వస్తుంది, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే నూటికి 20–25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. వాడిది ‘హెపటైటిస్-ఏ’. కాస్త టెన్షన్ తగ్గించుకో.

పిన్ని పసరు మందు పోయిస్తానంటోందని రాశావు. ఎలాగైనా ఆపరా. ఈ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది, పేరు మాత్రం పసరుకి వస్తుంది. అసలే వాచి ఉన్న కాలేయం మీద ఏం కలిపారో తెలియని ఆకురసం పోయడం, చేతి మీద వాతలు పెట్టించడం, ఇవేవీ వద్దు. జ్వరం మాత్రలు కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే. పథ్యం పేరుతో ఉప్పూకారం, పప్పూ నెయ్యీ అన్నీ మాన్పించి నీరసపెట్టకండి. వాడికి అన్నం వాసనకే వికారంగా ఉంటుంది, కాబట్టి ఏది సయిస్తే అది, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టమను.

నువ్వేమో వాడు మొన్న తిన్న పానీపూరీని తిడుతున్నావు. అది కాదురా. వైరస్ కడుపులోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి 15 నుంచి 50 రోజులు, మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. అంటే వాడు హాస్టల్లో ఉన్నప్పుడే అంటుకుంది. కాలేజీల ముందు చెరకు రసం బండి చూడు: గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ నేలమీదే ఉంటుంది, దాన్ని అక్కడే పగలగొట్టి రసంలో వేస్తారు, గ్లాసులన్నీ ఒకటే బకెట్లో ముంచి తీస్తారు. ఐసులో ఈ వైరస్ చావదు. బాగా మరిగిస్తేనే చస్తుంది, గోరువెచ్చగా చేస్తే కాదు. 1988లో షాంఘైలో మురుగు కలిసిన నీళ్లలో పట్టిన గుల్లల్ని సరిగా ఉడికించకుండా తిని దాదాపు 3 లక్షల మంది మంచాన పడ్డారు.

ఇంకో సంగతి, మన చిన్నప్పుడు ఇది చాలామందికి తెలియకుండానే వచ్చి పోయేది, ఆరేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువమందికి కళ్లు కూడా పచ్చబడవు. ఇప్పటి పిల్లలు శుభ్రమైన నీళ్లు తాగి పెరిగారు, మంచిదే, కానీ ఆ రక్షణ లేకుండా హాస్టళ్లకి వెళ్తున్నారు, పెద్దయ్యాక వస్తే గట్టిగానే దెబ్బతీస్తుంది. 2024 వేసవిలో కేరళలో ఎర్నాకుళం దగ్గర వెంగూరులో కుళాయి నీళ్ల ద్వారానే 200 మందికి పైగా జబ్బుపడ్డారు. అందుకే నాకు టీకా మీద అంత పట్టుదల. ఒక రకం ఆరు నెలల తేడాతో రెండు డోసులు, ఇంకోటి ఒక్క డోసే. జబ్బున్న మనిషితో కలిసి ఉన్నవాళ్లు కూడా రెండు వారాల లోపు వేయించుకుంటే చాలావరకు ఆపుతుంది.

వాడి కళ్లు పచ్చబడక ముందు రెండు వారాల నుంచే వాడి నుంచి ఇతరులకి పాకుతుంటుంది, పచ్చబడ్డాక ఇంకో వారం దాకా జాగ్రత్త. బాత్రూం వేరుగా ఉంటే మంచిది, వంటింట్లో చెయ్యి పెట్టనివ్వకండి. శానిటైజర్ రాసి ఊరుకోకండి, కరోనా మీద పనిచేసినట్టు దీనిమీద పనిచేయదు, సబ్బుతో బాగా రుద్ది కడగాల్సిందే.

వాడు మత్తుగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. రేపు పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి టీకా వేయించు, నువ్వూ వేయించుకో, వదినకి మాత్రం ఆవిడ డాక్టర్‌ని అడిగి వేయించు. ఇంకా ముఖ్యంగా, హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చెయ్యి. వాడి రూమ్మేట్ల ఇళ్లకి ఈ కబురు ఇంకా వెళ్లి ఉండదు, టీకాకి వాళ్లకి ఉన్న రెండు వారాల్లో ఎన్ని రోజులు అయిపోయాయో ఏమో.

నీ
వాసు