కిరాయి పెంచాను, హాల్టింగ్ (దింపకుండా బండిని ఆపి ఉంచినందుకు ఛార్జీ) కూడా అడుగుతున్నాను: లెక్క ఇదీ

కడియం, కడియపులంక నర్సరీల నుంచి నా లారీలో మొక్కలు తెప్పించుకునే అందరికీ నమస్కారం. "డీజిల్ ఏమీ పెరగలేదు కదా, కిరాయి ఎందుకు పెంచావు?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అడగడం న్యాయమే.

నాది పది టైర్ల సొంత బండి. ఓనర్నీ డ్రైవర్నీ నేనే. లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే అదే ఎక్కువ. ఉదాహరణకు ఇక్కడి నుంచి పుణెకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు, పోవడానికే 250 లీటర్లు కావాలి. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే ఇక్కడ కొంచెమే కొట్టించుకుని, హుమ్నాబాద్ దగ్గర కర్ణాటకలో ట్యాంకు నింపుతాను. టోలు, టైర్లు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కిస్తీ సరేసరి. బండి తిరిగినా తిరగకపోయినా కిస్తీ ఆగదు.

నన్ను నిజంగా ముంచేది అన్‌లోడింగ్ దగ్గర ఆగిపోవడం. మొక్కల లోడు సిమెంటు బస్తాల్లాంటిది కాదండీ. మట్టిగడ్డతో ఉన్న పెద్ద చెట్లు అడుగున, కవర్ల మొక్కలు పైన పేర్చి, గాలి కొట్టకుండా గ్రీన్ నెట్ బిగించి కడతాం. రాత్రి ధాబా దగ్గర ఆపినప్పుడు పైపు అడిగి తడుపుతాను, అప్పుడే నా భోజనం. అంత జాగ్రత్తగా తీసుకెళ్తే, మొన్న ఎండాకాలం ఒక వెంచర్ దగ్గర గేటుకు తాళం, కూలీలు లేరు. రెండు రోజులు ఎండలో నిలబెట్టారు. ఆకులు మాడాయని నా కిరాయిలోనే కోత పెట్టారు. తాడేపల్లిగూడెం మార్కెట్‌కు ఒప్పుకున్న ఉల్లిపాయల రిటర్న్ లోడు వేరే బండికి పోయింది. ఖాళీ బండితో వెనక్కొచ్చాను. పోయేటప్పటి కిరాయి ఖర్చులకే సరిపోతుంది, నా ఇంటికి చేరేది రిటర్న్ లోడు డబ్బే.

కాబట్టి ఇకనుంచి సగం కిరాయి లోడు ఎత్తేటప్పుడు, మిగతాది దింపగానే ఇవ్వాలి. ఒక రోజు దాటితే హాల్టింగ్ తీసుకుంటాను. ఓవర్‌లోడు మాత్రం ఎత్తను. 2018లో కేంద్రం పది టైర్ల బండి మొత్తం బరువు (బండి, లోడు కలిపి) పరిమితిని 25 టన్నుల నుంచి 28.5కు పెంచింది. టన్నులు పెరిగాయి గానీ, పాత కిరాయికే ఎత్తమన్నారు. ఆ పైన ఇంకో రెండు తాటి జాతి చెట్లు ఎక్కించమంటే నా టైర్లూ బ్రేకులూ ఒప్పుకోవు. "రాత్రంతా తోలి పొద్దునకల్లా చేర్చు" అని కూడా దయచేసి అడగొద్దు. నిద్ర వస్తే పక్కకు ఆపి పడుకుంటాను.

షోలాపూర్ దాటగానే ఫోన్ చేస్తాను. అప్పటికి కూలీలను మాట్లాడి, నీళ్లు సిద్ధంగా ఉంచండి. ఆ రోజే దింపేస్తే హాల్టింగ్ ఒక్క రూపాయి అడగను.