భుజం పట్టేస్తే బద్ధకం వల్లేనా?

సంపాదకులకు నమస్కారం.

ఫ్రోజెన్ షోల్డర్ గురించి ఆరోగ్య పేజీల్లో వచ్చే రాతలు తరచూ ఒకే మాటతో మొదలవుతాయి: వ్యాయామం లేక భుజం బిగుసుకుపోతుందని. చదివినవాళ్లు ‘నా బద్ధకమే నా కొంప ముంచింది’ అనుకుంటారు. ఆ లోటు పూడ్చుకోవాలని పళ్లబిగువున చేయి పైకి లాగుతారు, లేదా ఎవరిచేతో లాగించుకుంటారు. ఫిజియోథెరపీ చేసే మాకు అసలు తంటా అక్కడే.

భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. అది వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుంది. ఎందుకన్నది చాలామందిలో తేలదు. 1934లో దీనికి ఈ పేరు పెట్టిన అమెరికా సర్జన్ కోడ్‌మన్ కూడా ఇది వివరించడం కష్టమనే రాశాడు. 40–60 ఏళ్ల మధ్య, ఆడవాళ్లలో ఎక్కువ. థైరాయిడ్ ఉన్నవాళ్లలోనూ ఎక్కువే. షుగరున్నవాళ్లలో నూటికి 10 నుంచి 20 మందికి వస్తుంది, లెక్క తప్పకుండా మందులు వేసుకునేవాళ్లనూ వదలదు. చేయి వారాల తరబడి కదపకపోతే వస్తుందన్నది నిజమే. కానీ అలా కదపకుండా ఉండేది ఎక్కువగా ఆపరేషన్ తర్వాతో, ఎముక విరిగినప్పుడో. ఆ కట్టు కట్టింది డాక్టరే కదా!

‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్న మాట మరో దెబ్బ. ఇక ఇంట్లోవాళ్లు నొప్పిని నమ్మరు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక, పొర కాదు. పొర బిగుసుకుందో లేదో చూడాలంటే మోచేతిని నడుముకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, ముంజేతిని బయటివైపు తిప్పాలి. మరొకరు మెల్లగా పట్టి తిప్పినా తిరగకపోతే పొర బిగుసుకుందని అనుమానించాలి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ చిరిగితే అలా కాదు: తనంతట లేవని చేయి, ఇతరులు లేపితే చాలావరకు లేస్తుంది.

జడ వేసుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, వెనక జేబులోంచి పర్సు తీయడం కష్టమయ్యే ఈ బాధ మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు ఉండొచ్చు. మొదటి దశలో నొప్పి ఎక్కువ, ముఖ్యంగా రాత్రిళ్లు. ఇది ఆరు వారాల నుంచి తొమ్మిది నెలలు. తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆపైన మెల్లగా వదులవుతుంది. మొదటి దశలో బలవంతంగా సాగదీస్తే వాచిన పొర ఇంకా రేగుతుంది. ‘నొప్పి పుడితేనే గుణం’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఆ దశలో చేయాల్సింది తక్కువే. పది నిమిషాలు వేడి కాపడం పెట్టి, మంచి చేయి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి చేతిని వేలాడదీయాలి. ఒంటిని మెల్లగా ఊపితే చేయి లోలకంలా తిరగాలి, చేతి బలంతో తిప్పకూడదు. అడుగు వెడల్పు సున్నాలు అటు పది, ఇటు పది, రోజుకు రెండుమూడు సార్లు. బరువు పట్టుకోవద్దు. నొప్పి తగ్గాకే గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, వీపు వెనక తువ్వాలు పట్టి మంచి చేత్తో పైకి లాగడం.

ఎంత నొప్పి ఓర్చుకోవచ్చు? నొప్పికి పదికి ఇన్నని మార్కులు వేసుకుంటే మూడు దాకా పర్వాలేదు, కాసేపట్లో సర్దుకోవాలి. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే మర్నాడు సగమే చేయాలి. ఒకరోజు మానేస్తే మరునాడు రెండింతలు చేయడం మాత్రం వద్దు. భుజం మొరాయించేది సాధారణంగా ఆ రెండింతల రోజునే. పడుకునేటప్పుడు వెల్లకిలా పడుకుని మోచేయి కింద దుప్పటి మడత పెట్టుకుంటే రాత్రి కొంత గడుస్తుంది. పగలంతా చేతిని మెడకు వేలాడగట్టుకోకూడదు.

కిందపడ్డాక మొదలైన నొప్పి, జ్వరం లేదా ఎర్రబారిన వాపుతో వచ్చే నొప్పి వేరు, వెంటనే చూపించాలి. ఎడమ చేతి నొప్పికి ఛాతీలో బరువు, చెమటలు తోడైతే నేరుగా ఆసుపత్రికే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తొలి నెలల నొప్పికి బాగా పనిచేస్తుంది, కానీ షుగరున్నవాళ్లలో కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. ఆ పెరుగుదల కూడా అన్నం ఎక్కువ తిన్నందువల్ల కాదు, మందు వల్ల. ఇంజెక్షన్ ముందే డాక్టరుకు చెప్పి, ఆ వారం రోజూ పరీక్షించుకోవాలి.

ఇకపై భుజం వ్యాయామాల బొమ్మలు వేసేటప్పుడు ఏ బొమ్మ ఏ దశకో పక్కనే అచ్చు వేయించగలరు.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, గుంటూరు