మాల తీసే రోజు ఓపీ చీటీ మీద ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం దగ్గర పడింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నల్లబట్టలు కట్టిన స్వాములు ఇక ఆసుపత్రి ఓపీ వరసల్లోనూ కనబడతారు. రోజుకు రెండు కట్టల బీడీలు లాగించే మనిషి కూడా మెడలో మాల పడ్డాక మండలం, అంటే 41 రోజులు, వాటి జోలికి పోడు. మాల తీసిన సాయంత్రం టీ బంకు దగ్గర మళ్లీ వెలిగిస్తాడు. అది చూసి నవ్వుకుని వదిలేయడం మనకు అలవాటు. డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఆ సాయంత్రం మీదే గురి పెడితే పొగ మాన్పించే పనిలో సగం బరువు తగ్గుతుందని మా అభిప్రాయం.

నికోటిన్ ఆగిపోయాక వచ్చే చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, పొగ కోసం మనసు లాగే గుంజుడు రెండు మూడు రోజులకు బాగా ముదిరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. 41 రోజులు గడిపినవాడి ఒళ్లు ఆ గండం దాటేసినట్టే. అతన్ని వెనక్కి లాగేది చుట్టూ ఉన్నవాళ్లు. దీక్షలో ఉండగా "స్వామీ" అని పక్కకు తప్పుకున్న స్నేహితులే మాల తీయగానే "ఇంగేంరా, పట్టు" అని చెయ్యి చాస్తారు. అన్నాళ్లూ అతని తరఫున 'వద్దు' అన్నది మెడలోని మాలే. ఆ మాట ఇక తానే అనాలి. దానికి అతన్ని ఎవరూ సిద్ధం చేయలేదు.

అందుకే ఓపీలో అడిగే ప్రశ్న మారాలి. "పొగ తాగుతావా?" అంటే తిట్టబోతున్నారనుకుని "లేదు సార్" అంటాడు. బీడీ తాగేవాడికి ఆ ప్రశ్న సిగరెట్ గురించేమో అనిపిస్తుంది కూడా. బీపీ పట్టీ చుడుతూ ఇలా అడగండి: "బీడీనా, సిగరెట్టా, చుట్టా? రోజుకు ఎన్ని? పొద్దున లేచినాక మొదటిది ఎంతసేపటికి?" అరగంటలోపే అంటే అలవాటు బాగా ముదిరినట్టు. ఆ వెంటనే, "ఎప్పుడైనా మాల వేసినారా? అప్పుడెన్నాళ్లు మానినారు? మొదటి మూడు రోజులు ఎట్లుండె?" అని అడగండి. తన వల్ల కాదనుకున్న మనిషి, తాను ఇదివరకే 41 రోజులు మానిన సంగతి తన నోటితోనే చెప్తాడు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లను పగటిపూట ఎలా ఆపుకున్నారో అడగవచ్చు. దేవుడి పేరు చెప్పి భయపెట్టడం మాత్రం వద్దు. రెండోసారి మీ దగ్గరికి రాడు.

సలహా ఒక్క వాక్యం చాలు, అది అతను వచ్చిన జబ్బుకు అతకాలి. టీబీ మందులు వాడేవాడికి, పొగ తాగుతుంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని చెప్పాలి. షుగర్‌తో కాలి పుండు మానని మనిషికి, పొగ ఆ కాలి రక్తనాళాలనే మూసేస్తుందని చెప్పాలి. క్యాన్సర్ బొమ్మ అందరికీ ఒకేలా చూపితే ఎవరికీ తగలదు. "బీడీ ఆకే కదా సార్" అనే వాళ్లకు ఒక మాట: తునికాకులో చుట్టిన బీడీ ఊరికే ఆరిపోతుంది, ఆరకుండా గట్టిగా, మాటిమాటికీ పీలుస్తారు. పొగాకు తక్కువున్నా విషం తక్కువ కాదు.

కొండకు వెళ్లొచ్చేవాళ్ల సంగతి వేరు. తిరుమల మీదికి పొగాకు పోనివ్వరు, అలిపిరి తనిఖీలోనే తీసేసుకుంటారు. రెండు రోజులు కొండమీద ఉండి దిగేవాడు సరిగ్గా గుంజుడు ముదిరిన వేళ దిగుతాడు, కింద కనబడ్డ మొదటి బంకు దగ్గర ఆగుతాడు. ఇతనికి మాట ఒక్కటే చాలదు, మందు కూడా కావాలి.

మందంటే ముందుగా నికోటిన్ గమ్. లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు 24 దాటకూడదు. తర్వాత ఎడం పెంచుకుంటూ మొత్తం 12 వారాలు. ఇది ఎక్కువగా చెడేది చీటీ రాయడంలో కాదు, నమలడంలో. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. నిమిషానికి చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి, రెండో వైపు పెట్టాలి. ఇలా అరగంట. బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి వెక్కిళ్లు, గొంతు మంట, వికారం తెస్తుంది, గుంజుడు తగ్గదు. "నాకు పడలేదు" అని పారేస్తాడు. గమ్‌కు ముందు పావుగంట కాఫీ తాగకూడదు, ఆ పులుపుకు నికోటిన్ ఒంటికి పట్టదు. మొదటిది మీ ఎదుటే నమిలించండి. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదు.

చాలామంది డాక్టర్లు కూడా మరిచిపోయేది ఇంకోటుంది. పొగ కొన్ని మందుల్ని ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వాడే మనిషి హఠాత్తుగా పొగ మానితే అదే మోతాదు ఎక్కువై గుండెదడ, వాంతులు రావచ్చు. మోతాదు చూసుకోవాలి. కాఫీ కూడా అంతే. రోజుకు నాలుగు తాగే అలవాటుంటే రెండుకు తగ్గించమనండి. లేకపోతే ఆ వణుకూ నిద్రలేమీ "మానినందుకే" అనుకుంటాడు.

సిగరెట్ పెట్టె మీద, పొగ మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. విడిగా ఒకటి రెండు కొనుక్కునేవాళ్లకు పెట్టే కనబడదు, నంబరూ కనబడదు. కాబట్టి ఓపీ చీటీ వెనక రాసివ్వండి.

ఇక మాల తీసే రోజు. ఆ తేదీ అడిగి, చీటీ మీద బీపీ అంకె పక్కనే రాసుకోవాలి. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేయాలి, సాయంత్రమైతే ఆలస్యం. సాయంత్రం ఏ బంకుకు పోతావు, ఎవరు ఇస్తారు, ఏమని వద్దంటావు అని అడిగి, ఆ జవాబు అతని నోటితోనే చెప్పించాలి. మళ్లీ మూడో రోజు, వారానికి, నెలకు ఫోన్. "ఒకటి కాల్చేసినా మేడమ్" అంటే కోప్పడకుండా ఎక్కడ, ఎవరిచ్చారు, ఎన్ని గంటలకు అని మూడే అడిగి రాసుకోండి. మర్నాడు ఆ గంటకు ముందే ఇంకోసారి ఫోన్ చేయండి.

— పొగాకు మాన్పించే కౌన్సెలింగ్ సిబ్బంది, తిరుపతి