పేపర్ కప్పు కనపడగానే మెచ్చుకోకండి

సంపాదకులు గారికి నమస్కారం.

"మేం ప్లాస్టిక్ మానేశాం, ఇక్కడ అంతా పేపరే" అని బోర్డు పెట్టుకున్న హోటళ్లు, టీ కొట్లు, స్వీట్ షాపులు హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా కనపడుతున్నాయి, వాళ్లను మెచ్చుకుంటూ పేపర్లలో వార్తలు కూడా వస్తుంటాయి. నేను జీడిమెట్లలో ఒక చిన్న అట్టపెట్టెల యూనిట్ నడుపుతాను. పేపర్ వాడకం పెరిగితే నాకు లాభమే, ఎవరైనా అడిగితే నేనూ "అవునండీ, పేపరే మంచిది" అని ఊరుకోవచ్చు. కానీ పేపర్ అనే మాట వినగానే జనం ఇక ఏమీ అడగడం లేదు. దాని మీద ఏం పూశారు, ఏం అంటించారు, వాడి పారేశాక ఎటు పోతోంది, ఇవి తెలియకుండా ఆ వస్తువు మంచిదో చెడ్డదో చెప్పలేం.

ముందు టీ కప్పు సంగతి చూడండి. ఉత్త కాగితంలో వేడి టీ పోస్తే కాసేపట్లోనే మెత్తబడి కారిపోతుంది, అందుకని లోపలి వైపు పల్చగా పాలిథిన్ పొర వేస్తారు. అది కంటికి ఆనదు. కప్పు బరువులో చాలా చిన్న భాగమే, కానీ ఆ కాస్త పొర వల్లే మామూలు పేపర్ మిల్లు ఆ కప్పుని ముట్టుకోదు, ఎందుకంటే పొరనీ కాగితపు పీచునీ విడదీయడానికి ఎక్కువసేపు నానబెట్టి తిప్పాలి, దానికి తగ్గ యంత్రాలు కావాలి, అవి ఉన్న మిల్లులు తక్కువ. ఎవరూ కొనని సరుకుని చెత్త ఏరుకునేవాళ్లు మాత్రం ఎందుకు ఏరుతారు? 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 85 నుంచి 90 డిగ్రీల వేడి ద్రవం పోసి పావుగంట ఉంచి చూశారు, 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు దిగాయని లెక్క తేల్చారు. అంటే ప్లాస్టిక్ మానేశాం అని బోర్డు పెట్టిన కొట్టులోనే ప్లాస్టిక్‌ను టీతో పాటు తాగుతున్నాం.

2022 జూలై 1న దేశమంతా వచ్చిన నిషేధం ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ఆఖరికి స్వీట్ బాక్సుల మీద చుట్టే ఫిల్మ్‌ని కూడా పేరుపేరునా చెప్పింది. లోపల పొర ఉన్న పేపర్ కప్పు పేరు ఆ జాబితాలో లేదు. దాంతో బేగంబజార్ హోల్‌సేల్ కొట్లలో ప్లాస్టిక్ గ్లాసులుండే చోటికి పేపర్ కప్పుల కట్టలు వచ్చి చేరాయి, వాటి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద "ఎకో ఫ్రెండ్లీ" అన్న ముద్ర. ఆ ముద్ర ఊరికే వేసుకునేది కాదు. ఆధారం చూపించకుండా గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ లాంటి మాటలు వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. తమిళనాడు అయితే 2019 జనవరి 1 నుంచే ప్లాస్టిక్ పూత ఉన్న కప్పుల్ని కూడా నిషేధంలో కలిపేసింది, తయారీదారులు కోర్టుకెక్కితే 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కప్పుల విషయంలో ఆ నిషేధాన్నే సమర్థించింది. మన దగ్గర మాత్రం అదే కప్పు పట్టుకుని పర్యావరణ దినోత్సవం సభల్లో టీలు తాగుతున్నారు! ఇరానీ హోటళ్లలో కప్పూ సాసరూ తరతరాలుగా కడిగి వాడుతూనే ఉన్నారు కదా, ఈ ఊరికి ఎవరో కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. కడగడానికి నీళ్లు ఖర్చు కావా అంటారు. అవుతాయి, కాగితం తయారీకి కూడా నీళ్లే కావాలి.

ఇక నా సరుకు, అట్టపెట్టె. దీన్ని మెచ్చుకోవడానికి నాకు మొహమాటం లేదు. మేం వాడే క్రాఫ్ట్ పేపర్ (పెట్టెలకి వాడే గోధుమరంగు గట్టి కాగితం) చాలావరకు పాత అట్టపెట్టెల నుంచి వచ్చిందే, పొరల్ని అతికించేది మొక్కజొన్న గంజి. మా దగ్గర కోత కోసినప్పుడు మిగిలే ముక్కలు ఒక్క కేజీ కూడా చెత్తకుప్పకి పోవు, కట్టలు కట్టి పెడితే మిల్లువాళ్లు ఎగబడి తీసుకెళ్తారు, ఎందుకంటే అవి పొడిగా, శుభ్రంగా ఉంటాయి. దేశంలో తయారయ్యే కాగితం, అట్టల్లో మూడింట రెండొంతులకు పైగా చిత్తు కాగితం నుంచే వస్తోంది. మిల్లులో హైడ్రాపల్పర్ అని ఒక పెద్ద తొట్టి ఉంటుంది, అందులో నీళ్లతో కలిపి గిరగిరా తిప్పితే పాత అట్ట విడిపోయి పీచు అవుతుంది, టేపు ముక్కలు, పిన్నులు, ప్లాస్టిక్ వేరుపడతాయి. ఎంత టేపు వస్తే మిల్లుకి అంత చెత్త, దాన్ని మళ్లీ ఎక్కడికో తోలించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒక లిప్‌స్టిక్ తెప్పించుకుంటే మనిషి తల పట్టేంత పెట్టె వస్తుంది చూశారా, చుట్టూ అడ్డంగా నిలువుగా ప్లాస్టిక్ టేపు, అందులో సగం టేపుకి అసలు పనేమీ ఉండదు.

పీచు ఎన్నిసార్లైనా తిరగదు. తిప్పిన ప్రతిసారీ పొట్టిదవుతుంది, సుమారు ఐదు నుంచి ఏడు సార్లు అయ్యాక బలం చచ్చి బురదతో కలిసి పోతుంది. మన పెట్టెల్లో పీచు ఇప్పటికే చాలాసార్లు తిరిగింది కాబట్టి పొడుగు పీచు కోసం మిల్లులు అమెరికా, యూరప్‌ల నుంచి పాత అట్టపెట్టెల్ని ఓడల్లో తెప్పించుకుంటున్నాయి. ఇదండీ నాకు మింగుడుపడని విషయం. డాలర్లు పోసి వేరే దేశాల పాత అట్టలు కొంటున్నాం, మన ఊళ్లో అట్టల్ని మాత్రం బిర్యానీ పారబోసిన సంచిలో కలిపి జవహర్‌నగర్ చెత్త గుట్టకి పంపుతున్నాం. మా కాలనీలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చే ఇళ్లు చాలానే ఉన్నాయి, ఆటోలోకి వెళ్లాక రెండూ ఒకటే కుప్ప. వానాకాలం అయితే మరీ అన్యాయం, పైన కప్పు లేని ఆటోలో అట్ట తడిసి ముద్దయిపోతుంది, తడి సరుక్కి మిల్లువాళ్లు తేమ పేరుతో రేటు కోసేస్తారు, మరీ నూనె, కూర అంటుకుంటే తీసుకోనే తీసుకోరు. ఈ ఊళ్లో అట్ట మళ్లీ అట్ట అవుతోందంటే ఆ గొప్ప చాలావరకు పాత సామాన్లు కొనే కబాడీవాళ్లది, సైకిల్ రిక్షా తొక్కుకుంటూ తిరిగే వాళ్లది. ఏ కంపెనీ నివేదికలోనూ వాళ్ల పేరుండదు.

చెట్ల గురించి అడిగేవాళ్లకి కూడా ఒక మాట. పేపర్ అంటే అడవులు నరకడమే అని చాలామంది అనుకుంటారు. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలు తమ ముడిసరుకుని తామే పెంచుకోవాలని, అందుకు రైతులతో కలిసి పనిచేయాలని చెప్పింది. భద్రాచలం దగ్గర సారపాక మిల్లుకి, ఇంకా అలాంటి మిల్లులకి వెళ్లే కర్ర చాలావరకు రైతుల పొలాల్లో పెంచిన జామాయిల్, సుబాబుల్, సరుగుడు. పొలం గట్టునో మెట్ట చేలోనో వేసుకుని కొన్నేళ్లకి నరికి అమ్ముకునే పంట అది. అలాగని ఎకరాలకి ఎకరాలు ఒక్క జామాయిలే వేస్తే అది అడవితో సమానం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, అక్కడ పిట్ట వాలదు.

ఇప్పుడు మా ఇండస్ట్రీ లోపలి మాట కొంచెం చెప్తాను, ఇది బయట ఎవరూ రాయరు. పెద్ద కంపెనీలు 2030కల్లా ప్యాకింగ్ అంతా రీసైకిల్ అయ్యేదే వాడతామని గోడల మీద లక్ష్యాలు రాసుకున్నాయి. షేర్ మార్కెట్లో ఉన్నవాటిలో విలువ పరంగా మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణం లెక్కలు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి తప్పనిసరిగా చూపించాలి కాబట్టి మా లాంటి సప్లయర్లకి కూడా ఫారాలు పంపుతున్నారు, కరెంటు ఎంత, బాయిలర్‌లో ఏం కాలుస్తారు, ఎఫ్ఎస్‌సీ సర్టిఫికెట్ (అడవికి నష్టం లేకుండా తెచ్చిన కర్రతో చేసిన కాగితం అని చెప్పేది) ఉందా లేదా అని. మంచిదే, అడగాలి. కానీ ఫారం పంపేది ఒక డిపార్ట్‌మెంటు, రేటు బేరమాడేది ఇంకో డిపార్ట్‌మెంటు, వీళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. సర్టిఫికెట్ ఉన్న పేపర్‌కి రేటెక్కువ, ఆ తేడా ఇవ్వరు. ఐదు పొరల పెట్టె చాలంటే వినకుండా ఏడు పొరలు అడిగే కస్టమర్లున్నారు. గట్టి బీఎఫ్ (ఒత్తిడికి పగలకుండా తట్టుకునే బలం) ఉన్న కాగితం వాడితే జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు) తగ్గించుకోవచ్చు, పెట్టె బరువు తగ్గుతుంది, లారీలో ఎక్కువ పడుతుంది, కాగితం ఆదా అవుతుంది, ఇవన్నీ వివరంగా చెప్తే "చేత్తో పట్టుకుంటే మందంగా అనిపించాలండీ" అంటారు. నా లెక్కలో మా ఇండస్ట్రీలో పెట్టుకోవాల్సిన మొదటి లక్ష్యం అది, అవసరానికి మించిన కాగితం వాడకపోవడం. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, ఒక స్కేలు, ఒక తక్కెడ చాలు.

స్వీట్ బాక్సులు, పెళ్లి కార్డుల విషయం ఇంకా చిత్రం. చక్కగా మళ్లీ గుజ్జు అయ్యే అట్ట తీసుకుని, దాని మీద మెరిసే ప్లాస్టిక్ ఫిల్మ్ లామినేషన్, బంగారం రంగు ఫాయిల్ వేయించి, అది దేనికీ పనికిరాకుండా చేసి ఇంటింటికీ పంచుతాం. నీళ్లతో కలిపి పూసే వార్నిష్‌తో కూడా మెరుపు వస్తుంది, అద్దంలా రాదు, అంతే తేడా. దసరా, దీపావళికి మిఠాయి కొట్టువాళ్లు ఒక్కసారి ఆ ఫిల్మ్ వద్దనుకుంటే సిటీలో ఎంత అట్ట బాగుపడుతుందో ఊహించండి.

సంచుల గురించి కూడా ఒక్క ముక్క. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వాతావరణం మీద భారం లెక్కన చూస్తే పేపర్ సంచిని కనీసం మూడుసార్లు వాడితే గానీ ఒక్కసారి వాడిన పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కాదని తేలింది. మన షాపుల్లో ఇచ్చే పేపర్ సంచి మూడుసార్లు వాడారంటే అది బతికినట్టే, చాలావాటి పిడి ఇంటికి చేరకముందే ఊడిపోతుంది. ప్లాస్టిక్ సంచి నాలాలో పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, అది వేరే నష్టం, దాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. ఇంటి నుంచి గుడ్డ సంచి తీసుకెళ్తే ఈ వాదనే రాదు.

ప్యాకింగ్ పేపర్, గాజు, లోహం మీద కూడా తయారీదారులకి బాధ్యత పెట్టే ఈపీఆర్ నిబంధనల ముసాయిదాని కేంద్ర పర్యావరణ శాఖ 2024 డిసెంబరులో విడుదల చేసింది. ప్లాస్టిక్‌కి ఇప్పటికే ఉన్న పద్ధతి లాంటిదే, ఎంత ప్యాకింగ్ మార్కెట్లోకి వదిలారో దాని ప్రకారం వెనక్కి తెప్పించి రీసైకిల్ చేయించాలి. నాకున్న భయం ఒక్కటే, కంప్యూటర్లో సర్టిఫికెట్లు కొనుక్కుని లెక్క సరిపెట్టేస్తారేమో అని. కబాడీ కొట్టుకి చేరిన అట్టకి ఆ డబ్బులో వాటా దొరికితేనే ఇది నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే సరుకు నిజంగా కదిలేది అక్కడే. పూత ఉన్న కప్పుకీ ఉత్త అట్టకీ ఒకే రేటు పెడితే మాత్రం అర్థం లేదు, వెనక్కి రాని సరుక్కి ఎక్కువ వసూలు చేయాలి.

మా సిటీ మున్సిపల్ అధికారులకి మీ పేపర్ ద్వారా నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. చెత్త ఆటోలో అట్టలకి, కాగితాలకి పక్కన ఒక గోనెసంచి వేలాడదీయించండి, వానాకాలం నాలుగు నెలలూ దాని మీద ఒక టార్పాలిన్ ముక్క కప్పించండి. వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలున్న చోట కబాడీవాళ్లని తరిమేయకుండా వాళ్లకే ఆ సరుకు తూకం వేసి ఇవ్వండి. ప్రభుత్వ ఆఫీసుల్లో, మీటింగుల్లో పేపర్ కప్పులు ఆపి స్టీలు గ్లాసులు పెట్టించండి, దానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. మీ రిపోర్టర్లకి కూడా ఒక మనవి, ఇక మీదట ఎవరైనా "మేం పేపర్‌కి మారాం" అని ఫొటో పంపితే, లోపల పూత ఉందా లేదా అని, పారేసిన కప్పుల్ని కొనేది ఎవరని అడిగి, వాళ్లు చెప్పిన జవాబు కూడా వార్తలో వేయండి.

ఇట్లు,
ఒక అట్టపెట్టెల తయారీదారు,
జీడిమెట్ల, హైదరాబాద్