మా నొప్పికి వైద్యం చేయడానికి డాక్టర్లు భయపడుతున్నారు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఏళ్ల తరబడి ఫైబ్రోమయాల్జియాతో బతుకుతున్నాను. ఒళ్లంతా నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట. ఈ జబ్బు ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్‌ఐలో కనపడదు, రక్తపరీక్షలోనూ తేలదు. రోగి చెప్పేది విని, ఒళ్లు పరీక్షించి, ఇంకేదీ కాదని చూసుకుని డాక్టరే తేల్చాలి. నా విషయంలో అది ఎప్పుడో తేలిపోయింది. అయినా కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికొస్తుంది.

మళ్లీ స్కాన్ రాస్తే, దానివల్ల నా వైద్యంలో ఏం మారుతుందని ఒకసారి అడిగాను. "ఏమీ మారదమ్మా, కానీ రేపు ఏదైనా అయితే స్కాన్ ఎందుకు తీయలేదని మమ్మల్నే అడుగుతారు" అన్నారు ఆ డాక్టరు. ఉన్నమాట చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవమే కలిగింది. రోగికి అవసరమై కాకుండా, కేసు పడితే చూపించుకోవడానికి రాసే ఇలాంటి పరీక్షలనే డిఫెన్సివ్ మెడిసిన్ అంటున్నారు. ఆయన్ని ఆ భయంలోకి నెట్టింది వ్యవస్థ. దాని భారం మోసేది మాత్రం మేము.

ఒక్క స్కానేగా అని తీసిపారేయకండి. పొట్టకు ఒక సీటీ స్కాన్ తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టుల (ఒంటి మీద పడే రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్ పడుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాది మొత్తం మీద పడేది సగటున 2.4. ఎంఆర్‌ఐకి ఆ బాధ లేదు గానీ దాని చిక్కు వేరు. ఏ నొప్పీ లేనివాళ్ల వెన్నెముక స్కాన్ల మీద 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం 20 ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల ఉంది. నా రిపోర్టులోనూ అలాంటి లైను ఒకటి వచ్చింది. ఇక ఆ లైను పట్టుకుని ఎముకల డాక్టరు నరాల డాక్టరుకి రాశారు, ఆయన మళ్లీ వెనక్కి పంపారు. ఇంత తిరుగుడులో నొప్పికి వైద్యం చేసినవాళ్లు లేరు.

మందుల దగ్గర ఇంకో భయం. ఫైబ్రోమయాల్జియాకు మార్ఫిన్ జాతి మందులు, అంటే వ్యసనంగా మారే ప్రమాదం ఉన్న బలమైన నొప్పి మందులు, సరైనవి కావు, నేను అడగనూ లేదు. అయినా "నొప్పి తట్టుకోలేకపోతున్నాను" అనగానే చూపు మారిపోతుంది. ఆ మందులు నిజంగా అవసరమైన వాళ్ల గతి ఇంకా దారుణం. అమెరికాలో ప్రజారోగ్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ, ఈ మందులు ఎలా రాయాలో 2016లో డాక్టర్లకు సూచనలు ఇస్తే, చాలాచోట్ల వాటిని దాటరాని గీతగా మార్చేశారు. మందు ఉన్నపళంగా ఆపేస్తే ఆత్మహత్యల దాకా వెళ్తోందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీయే ఆ సూచనలను సవరించి, ఇవి బిగదీసి అమలు చేయాల్సిన రూల్స్ కావని స్పష్టం చేసింది. మధ్యలో నలిగిపోయిన వాళ్లకు ఎవరు జవాబు చెప్పాలి?

మిమ్మల్ని అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం, కాళ్లూచేతుల్లో బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం లాంటి ప్రమాద సూచనలు ఉన్నాయేమో డాక్టరు చూసి, లేవని, అందుకే స్కాన్ అక్కర్లేదని కేస్‌షీట్‌లో రాస్తే చాలు. ఫిర్యాదు వచ్చినప్పుడు దాన్ని జాగ్రత్తగా చేసిన వైద్యంగానే లెక్కించాలని నిబంధన తీసుకురండి. ఇప్పుడు రాసిన పరీక్షకు రక్షణ ఉంది, ఆలోచించి రాయని పరీక్షకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11, 2022 నుంచి అమల్లో ఉంది. అందులో దీర్ఘకాలిక నొప్పిని దానికదే ఒక జబ్బుగా గుర్తించారు. ఆ పట్టికలో దానికిచ్చిన కోడ్ మా రికార్డుల్లోకి ఎక్కితే తర్వాతి డాక్టరు మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఇక మార్ఫిన్ జాతి మందు కుదురుగా వాడుతున్న వాళ్లకు, మెల్లగా తగ్గించే ప్లాన్ లేకుండా దాన్ని ఆపకూడదని కూడా చేర్చండి.

ఈ నిబంధనలు రాసే కమిటీలో డాక్టర్లు, లాయర్లు ఎలాగూ ఉంటారు. నొప్పితో బతుకుతున్న వాళ్లకు కూడా రెండు కుర్చీలు వేయించండి. మీటింగులు మాత్రం మరీ పొద్దున్నే పెట్టకండి. మాకు ఒళ్లు బిగుసుకుపోయింది వదలడానికే చాలాసేపు పడుతుంది.

ఇట్లు,
దీర్ఘకాలిక నొప్పితో బతుకుతున్న ఒక పౌరురాలు